ఆరు పార్కులా, ఒక ఏనుగుల గుంపా?

ప్రశ్న: వరంగల్ నుంచి ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఆవిడకు 63 ఏళ్లు, భర్తకు 69. కొడుకు, కోడలు, ఐదేళ్ల మనవరాలు డాలస్‌లో ఉంటారు. వచ్చే జూలై చివర్లో అందరూ నైరోబీలో కలుసుకుని సఫారీకి వెళ్లాలని కొడుకు ప్లాన్ వేశాడు. మొత్తం ఎనిమిది రాత్రులు. కెన్యాలో అంబోసెలి ఒక రాత్రి, నకూరు ఒక రాత్రి, మసాయి మారా రెండు రాత్రులు. అక్కడి నుంచి సరిహద్దు దాటి టాంజానియాలో సెరెంగెటి రెండు, ఎన్‌గోరొంగోరో ఒకటి, టరంగిరే ఒకటి. ప్రయాణమంతా రోడ్డు మీదే. ఖర్చు మొత్తం కొడుకుదే. రెండు వారాల్లో అడ్వాన్స్ కట్టాలి.

“మావారికి నడుములో డిస్క్ సమస్య. బీపీ మాత్రలు వేసుకుంటారు. ప్రోస్టేట్ వల్ల గంటకోసారి బాత్రూమ్‌కి వెళ్లాలి. పోయినేడు తిరుపతికి బస్సులో వెళ్తే దారంతా మంచినీళ్లు ముట్టలేదు. ఇప్పుడేమో ‘జూ పార్కులో చూసినవే కదా, వాటికోసం అంత దూరమా’ అంటున్నారు. కోడలు నాకు విడిగా ఫోన్ చేసి, ‘అక్కడ మలేరియా అంట, పాపకి ఏమైనా అయితే? ఆయనకి మీరే చెప్పండి అత్తయ్యా’ అంది. వాడు ఇంత డబ్బు పెడుతుంటే ప్లాన్ బాగాలేదని ఏ మొహంతో చెప్పను?” అని రాశారు. మొత్తానికే వద్దనాలా, భర్తను ఇంట్లో ఉంచి తాను వెళ్లాలా, నోరు మెదపకుండా అందరితో కలిసి వెళ్లాలా అన్నది ఆవిడ ప్రశ్న. నాలుగు పేజీల ఉత్తరంలో సంతకానికి ముందు ఇంకో మాట ఉంది: “నాకు మాత్రం ఒక ఏనుగుల గుంపును పూటంతా తీరిగ్గా చూడాలని ఉంది.”

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో ఆయన గురించి ఉంది, అబ్బాయి గురించి ఉంది, కోడలి భయం గురించీ మనవరాలి గురించీ ఉంది. మీ గురించి ఉన్నది ఆ చివరి వాక్యమే. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. అమ్మకు ఏం చూడాలని ఉందో మీ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు, అందుకే అతను అన్నీ పెట్టేశాడు. అమ్మానాన్నలను మళ్లీ ఇంత దూరం తీసుకురాగలనో లేదో అన్న బెంగ కూడా ఆ ప్లాన్‌లో కనిపిస్తోంది. ప్రేమతో వేసిన ప్లానే. కానీ మీరు కోరుకున్న ఆ ఒక్క పూట అందులో ఎక్కడా లేదు.

ఆ ప్లాన్‌ను రోజులవారీగా చూడండి. నైరోబీ నుంచి అంబోసెలి నాలుగైదు గంటలు. చేరేసరికి మధ్యాహ్నం. సాయంత్రం ఒక రౌండ్, మర్నాడు పొద్దున్నే పెట్టె సర్దుకోవడం. అంబోసెలి నుంచి మళ్లీ నైరోబీ మీదుగా నకూరు వెళ్లాలంటే ఒక రోజు పోయినట్టే. నకూరు నుంచి మారా మరో ఐదారు గంటలు. ఆ తర్వాతది అసలైన కష్టం. మ్యాప్‌లో మారా, సెరెంగెటి ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి. వైల్డ్‌బీస్ట్‌లు అనే పెద్ద జింకలు ఆ సరిహద్దును పట్టించుకోకుండా దాటేస్తాయి. పర్యాటకులకు మాత్రం అక్కడ దారి లేదు. పడమటికి వెళ్లి ఇసెబానియా దగ్గర ఇమిగ్రేషన్ పూర్తిచేసుకుని, కెన్యా బండి దిగి టాంజానియా బండి ఎక్కాలి. అదంతా అయి సెరెంగెటి మధ్యలోని లాడ్జికి చేరేసరికి చీకటి పడుతుంది. రెండు దేశాలు కాబట్టి కెన్యాకు ఇ-టీఏ అనే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి, టాంజానియాకు వీసా విడివిడిగా తీసుకోవాలి. తూర్పు ఆఫ్రికా ఉమ్మడి వీసా అని ఒకటి ఉంది కానీ అది కెన్యా, ఉగాండా, రువాండాలకే.

అంటే ఎనిమిది రాత్రుల ప్రయాణంలో మూడు పగళ్లు పూర్తిగా రోడ్డుకే పోతున్నాయి. మిగతా రోజుల్లోనూ ఉదయాలు సర్దుకోవడంతో సరిపోతాయి. అడవి జంతువులు బాగా కనిపించేది తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం ఎండ తగ్గాక. మధ్యాహ్నం సింహం చెట్టు కింద పడుకుని తోక కూడా కదపదు. రోజూ ఊరు మారే ప్రయాణంలో వదులుకునేది సరిగ్గా ఆ మంచి గంటలనే. అబ్బాయి ఏదో తప్పు చేశాడని కాదు, ఇలాంటి ప్యాకేజీలు బజారులో చాలానే ఉన్నాయి, పేర్లు ఎక్కువుంటే అమ్ముడుపోతాయి.

ఇక మీ ఏనుగులు. మీ ప్లాన్‌లో ఒక్క రాత్రి దక్కిన అంబోసెలి, ఏనుగులను చూడటానికి ప్రపంచంలోనే గొప్ప చోట్లలో ఒకటి. పార్కు చిన్నది, 392 చదరపు కిలోమీటర్లే. నేల చాలావరకు చదును, చెట్లు తక్కువ, కాబట్టి దూరం నుంచే గుంపు కనిపిస్తుంది. కిలిమంజారో మీద పడిన నీరు భూమి లోపల ప్రవహించి ఇక్కడ బయటికి వస్తుంది. ఎండాకాలంలోనూ ఎండని చిత్తడి నేలలు ఏర్పడ్డాయి. చుట్టుపక్కల పొదల్లో రాత్రి గడిపిన ఏనుగుల కుటుంబాలు పొద్దున ఆ చిత్తడికి వరసకట్టి వస్తాయి, పొట్టవరకు నీళ్లలో దిగి మేస్తాయి, సాయంత్రం తిరిగి వెళ్తాయి. వాటి దారి తెలిసిన డ్రైవర్ బండి ఒక పక్కన ఆపి ఇంజన్ కట్టేస్తే చాలు, అవే మీ పక్క నుంచి నడిచిపోతాయి.

మీరు జువాలజీ చెప్పినవారు కాబట్టి ఇంకో విషయం. సింథియా మాస్ అనే పరిశోధకురాలు ఇక్కడి ఏనుగుల మీద 1972లో మొదలుపెట్టిన అధ్యయనం ఇప్పటికీ సాగుతోంది. చెవుల అంచుల చిరుగులు, రంధ్రాలు, దంతాల ఆకారం చూసి ఒక్కో ఏనుగును గుర్తుపట్టారు. ఒక్కో కుటుంబానికి అక్షరాల కోడ్ పెట్టి, ఆ అక్షరంతో మొదలయ్యే పేర్లు పెట్టారు. ముసలి ఆడ ఏనుగు కుటుంబాన్ని ఎలా నడిపిస్తుందో, కరువులో ఏ నీటి జాడ ఆమెకు గుర్తుంటుందో మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఈ నేల మీద నేర్చుకున్నదే. ఇలాంటి చోట ఒక్క రాత్రి ఉండి వెళ్లిపోతే, ఎవరు తల్లి, ఎవరు పిన్ని, ఏ పిల్ల ఎవరి వెనక నడుస్తోంది అన్నది గమనించే తీరిక మీకు దొరకదు. మూడో రోజు నుంచే అది తెలియడం మొదలవుతుంది.

అందుకని మొదటి దారి ఇది. టాంజానియాను, నకూరును వదిలేసి కెన్యాలోనే ఉండండి. నైరోబీలో ఒక రాత్రి విశ్రాంతి, అంబోసెలిలో నాలుగు, మారాలో మూడు. అవే ఎనిమిది రాత్రులు. అంబోసెలి వరకు ఇప్పుడు చాలా దూరం తారు రోడ్డే కాబట్టి కారులో వెళ్లొచ్చు. అక్కడి నుంచి మారాకు మాత్రం చిన్న విమానం తీసుకోండి. అంబోసెలి నుంచి నైరోబీలోని విల్సన్ విమానాశ్రయానికి, అక్కడ మారి మారాకు, ఒక్కో అంచె గంటలోపే. మనిషికి 15 కిలోల సామానే తీసుకెళ్లనిస్తారు, అదీ మెత్తటి బ్యాగుల్లో ఉండాలి. గట్టి సూట్‌కేసులు నైరోబీ హోటల్లో వదిలేయండి. ఈ విమానం ఖర్చు ఎక్కువే, కానీ సరిహద్దు రోజు, టాంజానియా వీసాలు, అక్కడి పార్కు ఫీజులు తగ్గుతాయి కాబట్టి లెక్క మీరనుకున్నంత పెరగకపోవచ్చు. డ్రైవర్‌తో సహా రెండు లెక్కలూ వేయించి చూడమనండి.

మారా ఫీజు గురించి అబ్బాయికి తెలిసే ఉంటుంది, మీకూ తెలియాలి. 2024 జూలై నుంచి విదేశీ పెద్దలకు జనవరి–జూన్‌లో రోజుకు 100 డాలర్లు, జూలై–డిసెంబర్‌లో 200 డాలర్లు. అంటే మీ నలుగురు పెద్దవాళ్లకు జూలైలో ఒక్క రోజుకే 800 డాలర్లు, పడక, భోజనం కాకుండా. జూలై నుంచి ఎక్కువ తీసుకునేది వైల్డ్‌బీస్ట్‌ల వలస కోసం. పది లక్షలకు పైగా జంతువులు సెరెంగెటి నుంచి గడ్డి వెతుక్కుంటూ వచ్చే కాలం అది. నది దాటే దృశ్యం కోసం గట్టున గంటల తరబడి కాచుకున్నా అవి దాటకపోవచ్చు. దానికి ఎవరూ హామీ ఇవ్వలేరు. మీకు ముఖ్యం ఏనుగులే అయితే, అబ్బాయికి జూన్‌లో సెలవు దొరుకుతుందేమో అడగండి. అమెరికాలో బడి సెలవులు అప్పటికి మొదలవుతాయి. సింహాలు, చిరుతలు, జిరాఫీలు మారాలో ఏడాదంతా ఉంటాయి. వలస చూడాలని అబ్బాయికే ఆశ ఉంటే జూలై ఉంచేయండి. అతని ఆశకూ ఈ ప్రయాణంలో చోటుండాలి.

ఇప్పుడు ఆయన గురించి. “జూ పార్కులో చూసినవే కదా” అన్న మాటను మీరు జంతువులంటే ఇష్టం లేకపోవడంగా తీసుకున్నారు. తిరుపతి బస్సులో నీళ్లు ముట్టలేదన్న విషయం కూడా మీరే రాశారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. కోడలి ముందు, మనవరాలి ముందు మాటిమాటికీ బండి ఆపమనాల్సి వస్తుందని ఆయన భయపడుతున్నారని నాకనిపిస్తోంది. ఆ భయం న్యాయమైనదే. పార్కులో ఎక్కడపడితే అక్కడ దిగనివ్వరు. పొదల్లో ఏముందో తెలియదు కాబట్టి, డ్రైవర్ చుట్టూ చూసి సరే అన్నాకే బండి వెనక దిగాలి. లేదా పిక్నిక్ స్థలం, గేటు, లాడ్జి వచ్చేదాకా ఆగాలి. ఆయన నీళ్లు తాగడం మానేస్తే, ఆ దుమ్ములో ఎండలో బీపీ మాత్రలతో అది మరీ ప్రమాదం.

దీనికి చేయగలిగినవి ఉన్నాయి. బండి మీ కుటుంబానికే సొంతంగా ఉండాలి, ఇతరులతో కలిపి ఎక్కించే ప్యాకేజీ వద్దు. అప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తిరగొచ్చు. పార్కు లోపల గానీ గేటు పక్కనే గానీ ఉన్న లాడ్జి తీసుకుంటే బాత్రూమ్ పది, ఇరవై నిమిషాల దూరంలోనే ఉంటుంది. మందుల షాపులో దొరికే యూరినల్ బాటిల్ ఒకటి వెంట ఉంచుకోండి. ముందు సీటులోగానీ మధ్య వరసలోగానీ కూర్చుంటే కుదుపు తక్కువ, వెనక చక్రాల మీద కూర్చోకూడదు. ఒకేచోట నాలుగు రోజులు ఉంటే ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఆయనకు ఓపిక లేని పూట లాడ్జి వరండాలో కూర్చోవచ్చు, మీరంతా వెళ్లిరావచ్చు. అబ్బాయి పాత ప్లాన్‌లో ఆ వీలు లేదు. నడుము పట్టేసినా మర్నాడు బండెక్కాల్సిందే.

ఇదంతా ఊహ మీద తేల్చుకోకండి. మీకు కాజీపేట నుంచి చంద్రాపూర్‌కు నేరుగా రైలుంది. అక్కడి నుంచి తడోబా పులుల అభయారణ్యం దగ్గరే. ఈ చలికాలంలోనే ఇద్దరూ వెళ్లి రెండు జిప్సీ సఫారీలు చేసిరండి. మట్టి దారిలో దాదాపు నాలుగు గంటలు టాప్ లేని జీపులో కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకే తెలుస్తుంది. మంగళవారం పార్కు మూసి ఉంటుంది, అది చూసుకుని బుక్ చేయండి. పులి కనిపించినా కనిపించకపోయినా, తిరిగొచ్చాక ఆయన నడుము చెప్పేదే నిజం. బాగానే ఉంటే ఆయన భయం సగం పోతుంది. బాగా లేకపోతే అది అబ్బాయికి చెప్పడానికి మీకు ఒక గట్టి ఆధారం.

టీకా విషయం ఈ రెండు వారాల్లోనే తేల్చుకోవాలి, ఎందుకంటే దాని మీదే దేశం ఎంపిక ఆధారపడుతుంది. కెన్యా నుంచి ఆరు రోజుల్లోపు భారత్‌కు తిరిగొచ్చేవాళ్ల దగ్గర ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ ఉండాలి. లేకపోతే ఇక్కడి విమానాశ్రయంలో ఆపి ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. కానీ ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి తయారుచేసిన టీకా. అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవాళ్లలో తీవ్రమైన దుష్ప్రభావాలు అరుదే అయినా, చిన్నవయసు వాళ్లకంటే ఎక్కువ. మీ ఇద్దరూ ఆ వయసులోనే ఉన్నారు. కాబట్టి మందుల చీటీలన్నీ పట్టుకుని మీ డాక్టర్‌ను కలవండి. గుడ్డు పడకపోవడం, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడటం వంటివేమైనా ఉంటే తప్పకుండా చెప్పండి.

డాక్టర్ వద్దంటే కెన్యా పట్టుదల మానేసి రెండో దారి చూడండి. అది దక్షిణాఫ్రికాలోని క్రూగర్. సుమారు 19,500 చదరపు కిలోమీటర్ల పార్కు, ముఖ్యమైన దారులన్నీ తారు రోడ్లు, గంటకు 50 కిలోమీటర్ల వేగ పరిమితి. మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి అబ్బాయి అద్దె కారు తీసుకుని తానే నడపొచ్చు. స్కుకుజా, లోయర్ సాబీ వంటి క్యాంపుల చుట్టూ కంచె ఉంటుంది. వంటగది ఉన్న కాటేజీలు దొరుకుతాయి, మీరు అన్నం పప్పు వండుకోవచ్చు. స్కుకుజాలో డాక్టర్ కూడా ఉంటారు. జూలై అక్కడ చలికాలం, గడ్డి ఎండి జంతువులు నీళ్ల దగ్గరకు చేరతాయి, దోమలూ తక్కువ. అయినా మలేరియా పూర్తిగా లేదనలేం. కోడలి భయమే ముఖ్యమనుకుంటే జొహానెస్‌బర్గ్‌కు రెండు మూడు గంటల్లో ఉన్న పిలానెస్‌బర్గ్ పార్కులో మలేరియా లేదు, ఏనుగులు, సింహాలు, ఖడ్గమృగాలు ఉన్నాయి. విమానం నైరోబీ, అడిస్ అబాబా మీదుగా కాకుండా గల్ఫ్ మీదుగా తీసుకుంటే ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ ప్రసక్తి రాదు.

ఈ దారిలో మీరు కోల్పోయేదీ చెప్పాలి. క్రూగర్‌లో ఏనుగులు బోలెడన్ని, కానీ పొదలు దట్టం. రోడ్డు దిగి పక్కకు పోనివ్వరు. గుంపు రోడ్డు దాటి పొదల్లోకి వెళ్తే మీ చూపు అక్కడితో ఆగిపోతుంది. అంబోసెలిలో లాగా ఒక కుటుంబాన్ని పూటంతా చూడటం నీటిగుంటల దగ్గరే సాధ్యం. దక్షిణాఫ్రికా వీసాకు మీ ఇద్దరూ ముందుగా అప్లై చేసుకోవాలి, వారాలు పట్టొచ్చు. పాపకు ఐదేళ్లే కాబట్టి పార్కు వాళ్ల గైడెడ్ డ్రైవ్‌లకు ఎక్కించుకోరు, ఆరేళ్లు నిండాలి. సొంత కారులో అయితే ఇబ్బంది లేదు.

కెన్యాకే వెళ్తే పాపకు మలేరియా మాత్రలు బరువును బట్టి ఇస్తారు. అది డాలస్‌లోని పిల్లల డాక్టర్ చెప్పాల్సిన మాట. కోడలు తన భయాన్ని మీ నోటితో చెప్పించాలనుకోవడం నాకు నచ్చలేదు. తల్లిగా ఆమె భయం సరైనదే, అందుకే అది ఆమె గొంతులోనే వినిపించాలి. “నేను కూడా ఆ కాల్‌లో ఉంటానమ్మా, నువ్వే చెప్పు” అనండి. లేకపోతే అబ్బాయి దృష్టిలో వద్దన్నది మీరే అవుతారు. మాత్రలు మీకూ అవసరమే. ప్రయాణానికి ముందు మొదలుపెట్టి, వచ్చాక కూడా డాక్టర్ చెప్పినన్నాళ్లు వాడాలి. తిరిగొచ్చిన కొన్ని నెలల్లో జ్వరం వస్తే ఆఫ్రికా వెళ్లొచ్చామని మొదటే చెప్పాలి.

భోజనం గురించి దిగులు వద్దు. కెన్యాలో గుజరాతీలు, పంజాబీలు తరతరాలుగా ఉన్నారు. చపాతీ అక్కడివాళ్లకు రోజువారీ తిండి. శాకాహారమని ముందే చెబితే లాడ్జీల్లో పప్పు, కూర చేసిపెడతారు.

మూడో దారి, ఆయన ఇంట్లో ఉండి మీరు వెళ్లడం. దీన్ని మీరు ఉత్తరంలో ఒక నేరంలా రాశారు. తడోబా వెళ్లొచ్చాక కూడా ఆయన మనస్ఫూర్తిగా “నువ్వెళ్లిరా” అంటే వెళ్లండి. ఆ పది రోజులు దగ్గరి బంధువులెవరైనా ఇంట్లో ఉండేలా చూసుకోండి, రోజూ సాయంత్రం వీడియో కాల్ చేయండి. దీనికీ ఒక ధర ఉంది. ఫొటోల్లో ఆయన లేకపోవడం అబ్బాయికి బాధగా ఉంటుంది, ఆయనకూ తర్వాత చిన్న వెలితి మిగలొచ్చు. కానీ ఆయన ఇష్టం లేకుండా వచ్చి, రోజూ నొప్పితో ముఖం ముడుచుకుని కూర్చుంటే ఎవరికీ సుఖం ఉండదు. ఇక ఏమీ అనకుండా పాత ప్లాన్‌కే వెళ్లడం అన్న మీ చివరి ఆలోచన ఉంది చూడండి, దాన్ని మాత్రం వద్దనే చెబుతాను. అందులో ఆయన ఆరోగ్యానికి రిస్క్ ఉంది, మీ కోరికకు చోటు లేదు.

అబ్బాయితో ఎలా మాట్లాడాలి? డబ్బు అతనిది కాబట్టి నోరు రావడం లేదన్నారు. అతను ఖర్చు పెడుతున్నది మీ సంతోషం కోసం. దేనివల్ల సంతోషమో చెప్పకపోతే ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో అతనికెలా తెలుస్తుంది? “ప్లాన్ బాగాలేదు” అని మొదలుపెట్టకండి. “నాన్నా, నాకు అంబోసెలిలో నాలుగు రోజులు ఉండాలని ఉంది, ఎందుకో చెప్తా విను” అని మొదలుపెట్టండి. పిల్లలకు పాఠం చెప్పినట్టే ఆ ఏనుగుల కుటుంబాల గురించి చెప్పండి. ఆయన ఆరోగ్యం సంగతి ఆ తర్వాత, అదీ ఆయన్ను అడిగాకే. ప్రోస్టేట్ గురించి కొడుకు ముందు మాట్లాడటం ఆయనకు ఇష్టం లేకపోతే “నాన్నకు నడుము నొప్పి, గంట గంటకూ ఆగాలి” అంటే సరిపోతుంది.

ఈ మాటలన్నీ అడ్వాన్స్ కట్టకముందే జరగాలి. మార్చిన ప్లాన్‌కు కొత్త లెక్క పంపమని ట్రావెల్ వాళ్లను అడగమనండి. డాక్టర్ వద్దంటే ఎంత డబ్బు వెనక్కి వస్తుందో రాతపూర్వకంగా తీసుకోమనండి. ఆయనకున్న జబ్బులన్నీ దాచకుండా రాసి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, దాచితే క్లెయిమ్ రాదు. అడవి నుంచి ఆసుపత్రికి విమానంలో తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చూడండి. కెన్యాలో అయితే నైరోబీ విల్సన్ నుంచి పనిచేసే ఆమ్‌రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ సంస్థ పర్యాటకులకు కొద్దిరోజుల ఎయిర్ అంబులెన్స్ సభ్యత్వం ఇస్తుంది, మీ ఐదుగురికీ అది తీసుకోమనండి. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఈ వారంలోనే పెట్టుకోండి. డాక్టర్ ఏమన్నారో తెలిశాక, ఆ ఆదివారమే అబ్బాయికి ఫోన్ చేయండి.